రావాల్సిన పతకం రికార్డులో లేకపోతే: అమెరికా మాజీ సైనికులకు, వారి కుటుంబాలకు ఒక మార్గదర్శి

అమెరికా సైన్యంలో పనిచేసి బయటికొచ్చిన వారికి డీడీ-214 అనే కాగితం ఇస్తారు. 1950 నుంచి అన్ని దళాలకూ ఇదే ఫారం. 1979 తర్వాతి ఫారాల్లో 13వ గడిలో పతకాలు, బ్యాడ్జీలు, రిబ్బన్లు రాస్తారు. వియత్నాం కాలపు ఫారాల్లో చాలావరకు అది 24వ గడిలో కనిపిస్తుంది. ఆ గడిలో లేని పతకం గురించి ఎంత చెప్పినా ఏ ఆఫీసూ వినిపించుకోదు. అక్కడ ఒక్క వరుస చేర్పిస్తే మాత్రం మిగతా పనులన్నీ వాటంతటవే కదులుతాయి.

ఆ వరుస ఎందుకు తప్పిపోతుంది? డిశ్చార్జి రోజున టైపు మిషన్ ముందు కూర్చున్న గుమస్తాకి తన టేబుల్ మీదున్న ఫైలే లోకం. సైనికుడు ఆసుపత్రిలో ఉండగా వెలువడిన ఉత్తర్వు ఆ ఫైల్లోకి చేరి ఉండకపోవచ్చు. యూనిట్ మొత్తానికి ఇచ్చిన గౌరవం అతను ఇంటికెళ్ళిన రెండేళ్ళకు ప్రకటించి ఉండొచ్చు. కొన్ని పతకాలైతే అప్పటికి పుట్టనే లేదు. కొరియా డిఫెన్స్ సర్వీస్ మెడల్‌కి చట్టం వచ్చింది 2002లో, వర్తించేదేమో 1954 జులై 28 నుంచి. అరవైల్లో కొరియాలో కాపలా కాసి వచ్చిన మనిషి డీడీ-214లో అది ఉండే అవకాశమే లేదు. తప్పు ఎవరిదీ కాదు, అయినా కాగితం అసంపూర్ణమే.

ముందు మీ కేసు ఏ రకమో తేల్చుకోండి

ఈ పనిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. పతకం రాలేదు అనగానే నేరుగా రికార్డుల సవరణ బోర్డుకి అర్జీ పెడతారు. అక్కడ నెలల తరబడి ఎదురుచూశాక, "ముందు ఫలానా ఆఫీసుని అడగాల్సింది" అంటూ కాగితం వెనక్కి వస్తుంది. గడపలు మూడున్నాయి. ఏ గడప తొక్కాలో ముందే తేల్చుకుంటే సగం టెన్షన్ తీరుతుంది.

మొదటి రకం: డీడీ-214లో పతకం పేరు ఉంది, వస్తువు మాత్రం చేతికి రాలేదు, లేదా పోయింది. ఇది సవరణ కాదు, పతకం పంపమని అడగడమే.

రెండో రకం: పతకానికి అర్హత ఉంది, దానికి రుజువు కూడా ఎక్కడో రికార్డులో ఉంది, డీడీ-214లోకి మాత్రం ఎక్కలేదు. చాలా కేసులు ఇవే. దళానికి చెందిన అవార్డుల విభాగమే డీడీ-215 అనే సవరణ పత్రం ఇచ్చి సరిచేస్తుంది. వాళ్ళు కాదన్న తర్వాతే బోర్డు.

మూడో రకం: సాహసం చేసిన మాట నిజం, చూసినవాళ్ళూ ఉన్నారు, కానీ అప్పట్లో ఎవరూ సిఫారసు రాయలేదు, లేదా రాసింది మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. దీని దారి పూర్తిగా వేరు, అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లోని సభ్యుడి ద్వారా వెళ్ళాలి.

ఇంకో మాట. వెటరన్స్ అఫైర్స్ విభాగం, అంటే వీఏ, పతకాలివ్వదు. పింఛను, వైద్యం దానివి. పతకాలు ఆయా దళాలవి. వీఏ ఆఫీసులో క్యూ కట్టి రోజంతా పోగొట్టుకున్నవాళ్ళు తక్కువేం కాదు.

మొత్తం ఫైలు తెప్పించుకోండి

మాజీ సైనికుల ఫైళ్ళు చాలావరకు మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్‌లో ఉంటాయి. అడగడానికి ఎస్‌ఎఫ్-180 ఫారం నింపి పోస్టులో పంపవచ్చు, లేదా నేషనల్ ఆర్కైవ్స్ వారి ఈవెట్‌రెక్స్ అనే ఆన్‌లైన్ పద్ధతి వాడొచ్చు. సైనికుడు తనే అడగొచ్చు. చనిపోయి ఉంటే దగ్గరి వారసులు అడగొచ్చు, అప్పుడు మరణ ధ్రువపత్రం జతచేయాలి. పతకాల విషయంలో 'దగ్గరి వారసులు' ఎవరన్నది దళాన్ని బట్టి కొంత మారుతుంది. ఆర్మీ అయితే జీవిత భాగస్వామి, తర్వాత పెద్ద సంతానం, ఆపైన తల్లిదండ్రులు, ఇలా వరుస పాటిస్తుంది. కాబట్టి ఇంట్లో ఎవరు సంతకం చేయాలో ముందే మాట్లాడుకోండి. ఇద్దరు పిల్లలు విడివిడిగా రెండు అర్జీలు పంపితే రెండూ నత్తనడక నడుస్తాయి.

సైన్యం నుంచి విడిపోయి 62 ఏళ్ళు దాటితే ఆ ఫైలు ఆర్కైవ్స్ ఆస్తి అయిపోతుంది. అప్పుడు ఎవరైనా ఫీజు కట్టి నకలు తెచ్చుకోవచ్చు. అంతకుముందైతే సైనికుడికి, దగ్గరి వారసులకు మామూలుగా ఖర్చేమీ ఉండదు.

ఫారంలో ఏం కావాలని అడిగినచోట డీడీ-214 ఒక్కటే రాయకండి. "పూర్తి పర్సనెల్ ఫైలు, వైద్య రికార్డులు సహా" అని స్పష్టంగా రాయండి. మీకు కావాల్సిన రుజువు డీడీ-214లో దొరకదు, దొరికితే ఈ గొడవే ఉండేది కాదు. పాత ఆర్మీ ఫైళ్ళలో డీఏ ఫారం 20 అనే అర్హతల పత్రం కోసం వెతకండి. వియత్నాం కాలపు జవాన్లకు ఇది బంగారు గని. 38వ గడిలో ఏ యూనిట్‌లో ఎప్పుడు పనిచేశారో, ప్రవర్తనకి, పనితనానికి ఏ రేటింగ్ ఇచ్చారో ఉంటుంది. 40వ గడిలో గాయాలు, 41వ గడిలో పతకాలు. ఒక్కోసారి 41లో ఉన్న పతకం డీడీ-214లోకి దిగి ఉండదు. అలాంటప్పుడు మీ పని చాలా తేలిక.

కాలిపోయిన ఫైళ్ళ సంగతి

1973 జులై 12న ఆ సెయింట్ లూయిస్ కేంద్రంలో నిప్పంటుకుంది. సుమారు 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్ళు బూడిదయ్యాయి. 1912 నవంబరు 1 నుంచి 1960 జనవరి 1 మధ్య విడుదలైన ఆర్మీ వాళ్ళ ఫైళ్ళలో దాదాపు 80 శాతం, 1947 సెప్టెంబరు 25 నుంచి 1964 జనవరి 1 మధ్య విడుదలైన వైమానిక దళం వాళ్ళలో, ఇంటిపేరు అక్షరక్రమంలో 'హబ్బర్డ్' తర్వాత వచ్చేవారి ఫైళ్ళలో దాదాపు 75 శాతం పోయాయి. వాటికి నకళ్ళు లేవు, మైక్రోఫిల్మ్ కూడా తీసి లేదు. నేవీ, మెరైన్ ఫైళ్ళకు ఆ ప్రమాదంలో ఈ గతి పట్టలేదు.

"ఫైలు కాలిపోయింది" అని జవాబొస్తే అక్కడితో ఆగిపోకండి. కేంద్రం వాళ్ళు ఎన్‌ఏ-13055, ఎన్‌ఏ-13075 అనే ఫారాలు పంపుతారు. యూనిట్ పేరు, తేదీలు, చికిత్స పొందిన ఆసుపత్రి, ఇవన్నీ వాటిలో రాస్తే, మిగిలిన చోట్ల నుంచి ఫైలుని మళ్ళీ కూర్చే ప్రయత్నం చేస్తారు. ఆఖరి జీతపు వోచరు, ఆసుపత్రి అడ్మిషన్ కార్డుల సమాచారం, యూనిట్ల మార్నింగ్ రిపోర్టులు అందుకు పనికొస్తాయి. మార్నింగ్ రిపోర్టు అంటే కంపెనీలో ఆ రోజు ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు, ఎవరు గాయపడ్డారు అని రోజూ రాసిన లెక్క. తేదీ, కంపెనీ పేరు ఎంత కచ్చితంగా చెబితే వెతకడం అంత తేలిక. "1944 చలికాలం" అంటే చాలదు. ఇంట్లో ఉన్న పాత ఉత్తరాల మీది పోస్టు ముద్రలు, ఫోటోల వెనక రాతలు ఇక్కడే అక్కరకొస్తాయి.

ఏ పతకాలు ఎక్కువగా తప్పిపోతాయి

ఫైలు చేతికొచ్చాక సర్వీసు తేదీల్ని, ప్రదేశాల్ని పతకాల నియమాలతో పోల్చి చూడాలి. ఆర్మీకి ఏఆర్ 600-8-22 అనే నిబంధనావళి ఉంది. యూనిట్లకు ఇచ్చిన గౌరవాల జాబితాలు రెండో ప్రపంచయుద్ధం, కొరియా వారికి డీఏ పాంఫ్లెట్ 672-1లో, వియత్నాం వారికి 672-3లో ఉన్నాయి. ఈ మూడూ నెట్‌లో దొరుకుతాయి. నా లెక్కలో ముందు చూడాల్సినవి ఇవి.

నేషనల్ డిఫెన్స్ సర్వీస్ మెడల్. ఇది ఎక్కడ పనిచేశారన్నదాని మీద కాక ఎప్పుడు పనిచేశారన్నదాని మీద ఆధారపడుతుంది: 1950 జూన్ 27 - 1954 జులై 27, 1961 జనవరి 1 - 1974 ఆగస్టు 14, 1990 ఆగస్టు 2 - 1995 నవంబరు 30, 2001 సెప్టెంబరు 12 - 2022 డిసెంబరు 31. రెండు కాలాల్లో పనిచేసినవారికి రిబ్బన్ మీద నక్షత్రం కూడా రావాలి.

వియత్నాం సర్వీస్ మెడల్ మీది కంచు నక్షత్రాలు. పతకం ఉంటుంది, నక్షత్రాలుండవు. యుద్ధంలోని ఒక్కో దశకు (క్యాంపెయిన్‌కు) ఒక్కో నక్షత్రం. 1968 మార్చి నుంచి 1969 జనవరి దాకా అక్కడున్న మనిషి టెట్ ఎదురుదాడి, ఆ తర్వాతి నాలుగు, ఐదు, ఆరో దశలు చూశాడు, అంటే నాలుగు నక్షత్రాలు. చాలా డీడీ-214ల్లో పతకం పేరు మాత్రమే రాసి వదిలేశారు. ఇంకా, వియత్నాంలో పనిచేసిన ఆర్మీ యూనిట్లన్నిటికీ 1974 నాటి 8వ నంబరు జనరల్ ఆర్డరు ద్వారా రిపబ్లిక్ ఆఫ్ వియత్నాం గ్యాలంట్రీ క్రాస్ యూనిట్ సైటేషన్ వచ్చింది. 1969లో ఇంటికి చేరినవాడి కాగితంలోకి అది ఎలా వస్తుంది?

గుడ్ కాండక్ట్ మెడల్. మామూలుగా మూడేళ్ళ సర్వీసుకి ఇస్తారు. కానీ 1950 జూన్ 27 తర్వాత, మొదటి సర్వీసు ఏడాది దాటి మూడేళ్ళలోపే ముగిసినవారికి కూడా తొలి పతకం ఇవ్వొచ్చు. రెండేళ్ళ డ్రాఫ్టు (నిర్బంధ సైనిక సేవ) మీద వెళ్ళినవాళ్ళకు ఇది తరచూ తప్పిపోయింది. రేటింగ్‌లన్నీ 'ఎక్సలెంట్' అని ఉండి, శిక్షలేవీ లేకపోయి, కమాండర్ వద్దని రాసిన కాగితమూ కనబడకపోతే అడగండి.

ఇక రెండో ప్రపంచయుద్ధం వాళ్ళకు ఒక విశేషం. 1941 డిసెంబరు 7 నుంచి 1945 సెప్టెంబరు 2 మధ్య కంబాట్ ఇన్‌ఫాంట్రీమ్యాన్ బ్యాడ్జి గానీ కంబాట్ మెడికల్ బ్యాడ్జి గానీ పొందినవారికి బ్రాంజ్ స్టార్ మెడల్ ఇవ్వాలని 1947లో నిర్ణయించారు. కాకపోతే అడిగినవారికే ఇస్తారు. తాతగారి డిశ్చార్జి కాగితంలో బ్యాడ్జి పేరు కనిపించి, బ్రాంజ్ స్టార్ కనిపించకపోతే ఒక ఉత్తరంతో అయిపోయే పని అది. (1950కి ముందు వాళ్ళకు డీడీ-214 ఉండదు. ఆర్మీ వాళ్ళకైతే డబ్ల్యూడీ ఏజీఓ 53-55 అనే కాగితం చూడండి.)

విదేశీ పతకాల విషయంలో చిన్న నిరాశ ఉంది. రిపబ్లిక్ ఆఫ్ వియత్నాం క్యాంపెయిన్ మెడల్ లాంటివి రికార్డులో చేరుస్తారు గానీ వస్తువుని అమెరికా ప్రభుత్వం ఇవ్వదు, బయట కొనుక్కోవాలి. 1945-1991 మధ్య పనిచేసినవారికి ఇచ్చే కోల్డ్ వార్ గుర్తింపు పత్రం పతకం కాదు, అది డీడీ-214లోకి రాదు.

మొదటి రెండు రకాలకు ఉత్తరం రాయడం

ఇక్కడ కూడా మొదలు ఎస్‌ఎఫ్-180తోనే. పతకాలు కావాలని, ఫలానా పతకం అర్హత సరిచూసి డీడీ-214కి సవరణ ఇవ్వాలని రాయండి. ఆర్మీ, వైమానిక దళం, నేవీ, మెరైన్, కోస్ట్ గార్డ్ కేసులు దళాన్ని బట్టి వేర్వేరు చోట్లకు వెళ్తాయి. నేవీ పతకాల పని, ఉదాహరణకు, టెన్నెస్సీలోని మిల్లింగ్టన్‌లో జరుగుతుంది. ఎక్కడికి పంపాలన్నది ఎస్‌ఎఫ్-180 వెనక పట్టికలో ఉంటుంది. పాత బ్లాగుల్లో కనిపించే చిరునామాల్ని నమ్మకండి.

దీనికి జతగా ఒక పేజీ ఉత్తరం చాలు. పేరు, సర్వీసు నంబరు, యూనిట్, తేదీలు, ఏ పతకం, ఏ నియమం కింద, రుజువు ఏ పేజీలో ఉంది, ఇంతే. రుజువున్న వాక్యం పక్కన పెన్సిల్‌తో గీత పెట్టండి. చదివే ఉద్యోగికి వెతికే పని మిగల్చకూడదు. సైనికుడి కష్టాల కథ ఇక్కడ అక్కర్లేదు, అది రాస్తే అసలు విషయం అందులో మునిగిపోతుంది. ఒరిజినల్ కాగితాలు ఒక్కటి కూడా పంపకండి, అన్నీ జెరాక్స్‌లే.

అంతా సరిగ్గా ఉంటే డీడీ-215 వస్తుంది. అది పాత డీడీ-214ని రద్దు చేయదు, దానికి తోకలా ఉంటుంది. పతకాలు ఆ తర్వాత విడిగా పెట్టెలో వస్తాయి.

కాదంటే బోర్డు

అవార్డుల విభాగం కాదంటూ రాసిన ఉత్తరాన్ని పారేయకండి. బోర్డుకి వెళ్ళేముందు మిగతా దారులన్నీ ప్రయత్నించానని చెప్పడానికి అదే మీ సాక్ష్యం.

చట్టంలోని 10వ టైటిల్ 1552వ సెక్షన్ కింద ప్రతి దళానికి రికార్డుల సవరణ బోర్డు ఉంది. ఆర్మీకి ఒకటి, నేవీకి, మెరైన్లకి కలిపి ఒకటి, వైమానిక దళానికి, స్పేస్ ఫోర్స్‌కి కలిపి ఒకటి, కోస్ట్ గార్డ్‌కి హోంలాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఒకటి. సభ్యులు సివిలియన్ ఉద్యోగులు. ఫారం డీడీ-149, ఫీజు లేదు. (డిశ్చార్జి స్థాయి మార్చుకోవడానికి వాడే డీడీ-293తో దీన్ని కలగాపులగం చేయకండి.)

బోర్డు మనసు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. అప్పటి అధికారులు తమ పని సరిగ్గానే చేశారని వాళ్ళు ముందే అనుకుని మొదలుపెడతారు. కాదని చూపించే భారం మీది. నూటికి నూరుపాళ్ళు రుజువు అక్కర్లేదు, తప్పు జరిగిందన్న వైపు త్రాసు కాస్త మొగ్గితే చాలు. కానీ మొగ్గాల్సింది కాగితాలతో. "నాకు బాగా గుర్తు" అన్న మాట ఒక్కటే ఉంటే త్రాసు కదలదు.

తప్పు తెలిసిన నాటి నుంచి మూడేళ్ళలో దరఖాస్తు చేయాలని నియమం. యాభై ఏళ్ళ నాటి కేసుల్ని కూడా బోర్డులు వింటాయి, 'న్యాయం దృష్ట్యా' గడువుని పక్కన పెట్టే అధికారం వాళ్ళకుంది. ఫారంలో ఆలస్యానికి కారణం అడిగే గడిని ఖాళీగా వదలకండి. "డీడీ-214లో ఈ లోపం ఉందని ఫలానా నెలలో ఫైలు తెప్పించుకున్నప్పుడే తెలిసింది" అన్నది నిజమైతే అదే రాయండి. ఫైలు వచ్చిన కవరు మీది తేదీని కూడా జతచేయండి.

దరఖాస్తుకి ముందు చేయాల్సిన మంచి పని ఇంకొకటుంది. ఈ బోర్డుల పాత నిర్ణయాలు, పేర్లు తీసేసి, ఆన్‌లైన్ రీడింగ్ రూంలో పెట్టారు. మీ పతకం పేరుతో వెతికి నాలుగైదు చదవండి. ఏ కాగితం చూసి ఒప్పుకున్నారో, ఏది లేదని తోసిపుచ్చారో తెలిసిపోతుంది.

మధ్యలో బోర్డు సంబంధిత విభాగం నుంచి అభిప్రాయం తెప్పించుకుంటే, దాని నకలు మీకూ పంపి జవాబుకి గడువిస్తుంది. అందులో "రికార్డులో ఆధారం లేదు" అని ఉంటే గాభరాపడకండి. ఏ ఆధారాన్ని వాళ్ళు చూడలేదో చెప్పడానికి అదే అవకాశం. జవాబు రాయకపోతే ఆ అభిప్రాయమే తీర్పైపోయే ప్రమాదముంది. చట్టం ప్రకారం ఎక్కువ కేసులు 10 నెలల్లో, అన్నీ 18 నెలల్లో తేలాలి. ఓడిపోతే కొత్త సాక్ష్యంతో పునఃపరిశీలన అడగొచ్చు. పాత కాగితాలే మళ్ళీ పంపితే లాభం లేదు.

పర్పుల్ హార్ట్ ప్రత్యేకం

దీనికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు, షరతులు తీరితే అది హక్కు. షరతులు మూడు: గాయం శత్రుచర్య వల్ల కలగాలి, వైద్యాధికారి చికిత్స అవసరమైనది కావాలి, ఆ చికిత్స అధికారిక రికార్డులో ఉండాలి. కేసులు కూలిపోయేది మూడోదాని దగ్గరే. యుద్ధభూమిలో మెడిక్ కట్టు కట్టి పంపించేస్తే కాగితం ఎక్కడిది? ఆసుపత్రి అడ్మిషన్ కార్డులు, క్యాజువల్టీ రిపోర్టు, కుటుంబానికొచ్చిన టెలిగ్రాం, మార్నింగ్ రిపోర్టు, డీఏ ఫారం 20లోని 40వ గడి, విడుదల నాటి వైద్యపరీక్షలో రాసిన మచ్చలు, అన్నీ వెతకండి. యూనిట్ల కార్యకలాపాల నివేదికలు, నేవీ ఓడల డెక్ లాగ్‌లు మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

పక్కనే ఉన్న సహచరుల వాంగ్మూలాలు ఉపయోగపడతాయి, కానీ అవి కళ్ళతో చూసినవాళ్ళవి కావాలి. "అతను మంచి సైనికుడు" అని పది ఉత్తరాలకన్నా, "ఆ రోజు మోర్టారు ముక్క అతని ఎడమ భుజానికి తగిలింది, నేను పదడుగుల దూరంలో ఉన్నాను, మెడిక్ కట్టు కట్టాడు" అన్న ఒక్కటి మేలు. నోటరీ చేయించండి. సాక్షి తన డీడీ-214 నకలు కూడా జతచేస్తే అదే యూనిట్లో ఉన్నాడని తేలిపోతుంది.

అసలు సిఫారసే లేకపోతే

సిల్వర్ స్టార్ లాంటి సాహస పతకాలకు ఎవరో ఒకరు సిఫారసు చేసి ఉండాలి, దానికి గడువులున్నాయి. గడువు దాటాక తెరుచుకునే తలుపు 10వ టైటిల్ 1130వ సెక్షన్. మీ హౌస్ ప్రతినిధి గానీ సెనేటర్ గానీ దళానికి ఆ సిఫారసుని పంపించాలి. అప్పుడు గడువుతో పని లేకుండా యోగ్యతని బట్టి పరిశీలిస్తారు.

వాళ్ళ స్థానిక ఆఫీసుకి ఫోన్ చేసి సైనిక కేసులు చూసే సిబ్బందిని అడగండి. ముందు ప్రైవసీ అనుమతి ఫారం మీద సంతకం పెట్టమంటారు. సిఫారసు రాయాల్సింది ఘటన ప్రత్యక్షంగా తెలిసినవాళ్ళు, వీలైతే అప్పటి కమాండరు. ఆర్మీకి డీఏ-638 ఫారం, దానికి కథనం, సైటేషన్ (పతకంతో ఇచ్చే ప్రశంసాపత్రం) ముసాయిదా, సాక్షుల వాంగ్మూలాలు కావాలి. ప్రతినిధి సంతకం ఉంది కదా అని పతకం ఖాయం కాదు, అది తలుపు తెరిపిస్తుందంతే. సాక్షులు వృద్ధులైపోతున్నారు కాబట్టి మిగతా కాగితాలు కుదిరేదాకా ఆగకుండా వాంగ్మూలాలు ముందు తీసుకోండి.

చేతికొచ్చాక

అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ, డిజేబుల్డ్ అమెరికన్ వెటరన్స్ లాంటి సంఘాల ప్రతినిధులు, చాలా కౌంటీల్లోని వెటరన్స్ సర్వీస్ అధికారులు ఈ పనిలో డబ్బు తీసుకోకుండా సాయం చేస్తారు. ఎవరైనా వందల డాలర్లు అడిగి "మెడల్ గ్యారంటీ" అంటే వదిలేయండి.

డీడీ-215 వచ్చిన రోజే డీడీ-214తో కలిపి నాలుగు కాపీలు తీయించండి. కొన్ని కౌంటీల్లో డీడీ-214ని రిజిస్టర్ చేయించవచ్చు, కానీ అక్కడ అది ఎవరైనా చూడగలిగే కాగితం అవుతుందో లేదో ముందు కనుక్కోండి, అందులో సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండొచ్చు. చేరినది పర్పుల్ హార్ట్ అయితే ఒక కాపీ వీఏకి వెంటనే పంపండి. దానితో వైద్య సేవల్లో మూడో ప్రాధాన్యత వర్గానికి అర్హత వస్తుంది. 2001 సెప్టెంబరు 10 తర్వాతి సేవకు ఆ పతకం పొంది, గౌరవప్రదంగా విడుదలైనవారికి, 2018 ఆగస్టు 1 నుంచి పోస్ట్ 9/11 జీఐ బిల్ అనే చదువు సాయం పథకం కింద చదువు ఖర్చు నూరు శాతం స్థాయిలో దొరుకుతుంది.